ఉతకని చీర

మా ఇంట్లో బూట్లు తొడిగినవాళ్ళు ఎవరూ లేరు. నాకు జీవితమంతా టైరు చెప్పులే. అయినా ఏడాదికొక రోజు, మహాలయ అమావాస్య నాడు, మా ఇల్లంతా బూటు పాలిష్ వాసన కమ్ముకునేది. మా అక్క రేకుపెట్టె మూత ఎత్తేది. ఆ వెంటనే వాసన. అక్క కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "వచ్చిండాది చూడప్పా, నీ పెండ్లాం వచ్చిండాది," అనేది. నా కూతురు అప్పటికి ఇంకా చిన్నపిల్ల. అందరూ వాకిలి వైపు చూస్తే, అది మాత్రం పెట్టె వైపు చూసేది.

ఆ రోజు పోయినవాళ్ళకు అన్నం పెడతాం. తరాలుగా బెంగళూరు పక్కన బతుకుతున్న తెలుగువాళ్ళం కనక, కన్నడం వాళ్ళ మాటే పట్టుకుని దాన్ని ‘ఎడె పెట్టడం’ అంటాం. గోడకు ఫోటో, ఫోటో ముందు ఆకు, ఆకులో వాళ్ళకిష్టమైన వంటలు, పక్కన వాళ్ళ బట్ట ఒకటి. పెద్దలు ఆ పూట ఇంటికి వస్తారని నమ్మకం. నా భార్య ఫోటో ముందు పెట్టేది ఒక పచ్చ నూలు చీర. ఆమె చివరిసారి పనికి కట్టుకుపోయినది. ఉతకనిది.

ఎందుకు ఉతకలేదో చెప్పాలంటే జిగణి నుంచి మొదలుపెట్టాలి.

తొంభైల మొదట్లో, బెంగళూరు శివారు జిగణిలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. ఒకే గోడలు పంచుకున్న ఇళ్ళ వరస, అందరికీ ఒకే కొళాయి. నేను ఒక మిషన్ షాపులో ఫిట్టర్‌ని. నా భార్య దగ్గర్లోని కార్ఖానాలో పనికి కుదిరింది. మందులకూ రంగులకూ కావలసిన ముడిసరుకు ఏదో తయారుచేసే చోటు. అక్కడ ఆమె పని ఖాళీ డ్రమ్ములు కడగడం. చేతులకు తొడుగు లేదు, ముక్కుకు కట్టుకోవడానికి తన కొంగే. సాయంత్రం ఇంటికొస్తే ఆ వాసన ఆమెకంటే ముందు గడప దాటేది.

"ఏం వాసనమ్మే ఇది?" అని అడిగాను ఒకసారి.

"లోపల బాదం వాసన అంటారు."

"బాదమా?"

"నాకేం తెలుసు? నేనెప్పుడు తిన్న్యాను బాదం? నువ్వు తెచ్చిపెట్న్యావా?" అని నవ్వింది.

కొన్ని నెలలకు ఆమె పెదాలు నల్లబడ్డాయి. నల్లగా అంటే నలుపు కాదు, నీలం. గోళ్ళు కూడా. కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు: "యాడ తిన్న్యావు నేరేడుపండ్లు? ఒక్కదానివే తింటావా, మాకూ తేగూడదా?" ఆమె కూడా నవ్వేది. నవ్వినప్పుడు చిగుళ్ళు కూడా ఆ రంగే కనబడేవి. తలనొప్పి, ఆయాసం. కార్ఖానా వాళ్ళ డాక్టరు కంటి రెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువ. సొప్పు తినమ్మా," అన్నాడట. సొప్పంటే ఆకుకూర. నేను దంటు సొప్పు, మెంతి సొప్పు, నుగ్గే సొప్పు రోజూ మోసుకొచ్చాను. ఆ ఆకులు కడిగి, తరిగి, వండి, తిని, మళ్ళీ ఆ డ్రమ్ముల దగ్గరికే పోయింది.

ఒక సాయంత్రం వచ్చింది. చీర మార్చుకుంది. విప్పిన చీర, పొద్దున ఉతుకుదామని, గోడమేకుకు వేసింది. కాఫీకి నీళ్ళు పెట్టి, పొయ్యి ముందే ఒరిగిపోయింది. ఆసుపత్రిలో అడిగారు, ఎక్కడ పని, ఏం వాడతారు అని. కార్ఖానాకు ఫోను చేస్తే, "ఇక్కడ సబ్బు, నీళ్ళు తప్ప ఏమీ లేవు" అని జవాబు. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు. గుండె ఆగిపోయింది అన్నారు. చివరికి ఆగేది ఎవరిదైనా గుండే కదా! ఎందుకు ఆగింది అని కదా నేను అడిగింది? ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను వరండాలో పక్కకు నిలబెట్టారు.

మా అక్క, బెంగళూరుకు ఇంకో పక్కనున్న కాడుగోడి నుంచి వచ్చింది. ఆమె అప్పటికే ఒంటరిది. మేకుకు వేలాడుతున్న ఆ చీరను ఉతకడానికి బకెట్లో వెయ్యబోయి, వెయ్యలేకపోయింది. మడత పెట్టి, నా భార్య పెళ్ళిచీరతో కలిపి రేకుపెట్టెలో దాచింది. మా పెళ్ళికి పట్టు కొనే తాహతు లేదు, అదీ ఎర్రటి నూలు చీరే. పురుగు పట్టకుండా రెండు మడతల మధ్యా తెల్లటి నాఫ్తలీన్ గోళీలు వేసింది. ప్రతి ఏడూ వేస్తూనే ఉంది. మమ్మల్ని తండ్రీకూతుళ్ళను, ఆ పెట్టెను, కాడుగోడికి తీసుకొచ్చేసింది.

నేను చదువుకున్నది ఐదో తరగతి. ఆ తర్వాతి చదువంతా నా సొంతం. ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు, గ్రంథాలయంలో చిరిగిన అట్టలు. తెలుగు, కన్నడం, కూడబలుక్కుని ఇంగ్లీషు. చదివింది ఎవరితో చెప్పుకోవాలో తెలియక, బిడ్డతో చెప్పేవాణ్ణి. ఒకసారి చెప్పాను: వాసనంటే గాలి కాదమ్మా, ఆ వస్తువే. దాని నలుసులు ఎగిరి వచ్చి మన ముక్కులో పడతాయి, అప్పుడే వాసన తెలుస్తుంది. పిల్ల తన ముక్కు తడుముకుంది.

"అంటే అమావాస్య నాడు మన ముక్కులో పడేది అమ్మ ముక్కలా, నాయనా?"

నేను పుస్తకం మూసేశాను.

ఇంకొన్నాళ్ళకు, రైలు మారడానికి కె.ఆర్.పురం స్టేషన్లో దిగి నడుస్తున్నాం. ప్లాట్‌ఫారం చివర ఒకాయన చెక్కపెట్టె ముందు కూర్చుని ఎవరివో బూట్లు తుడుస్తున్నాడు. పిల్ల నా చెయ్యి వదిలేసి అక్కడే ఆగిపోయింది. 

"నాయనా, ఈయన దగ్గర అమ్మ వాసన యాల వస్తా ఉండాది?"

చూడండి, బూటు పాలిష్ అన్న మాట మా ఇంట్లో మేం పెద్దవాళ్ళం అనుకున్నదే. పోలిక అని సరిపెట్టుకున్నాం. ఆ పిల్ల పోలికతో సరిపెట్టుకోలేదు. డబ్బాలో ఉన్నదీ చీరలో ఉన్నదీ ఒకటేనా, ఒకటైతే దాని పేరేమిటి, అది అమ్మ మీదికి ఎట్లా వచ్చింది? ఆ ప్లాట్‌ఫారం మీదే ఆమె చదువు నిర్ణయమైపోయిందని నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, "పద, రైలు పోతాది," అని లాక్కొచ్చాను.

కాడుగోడి నుంచి రోజూ రైల్లో పోయి బి.ఎస్సీ. చేసింది, ఎం.ఎస్సీ. చేసింది. రెండువేల సంవత్సరం దాటాక పెద్ద సంస్థలో పరిశోధనకు సీటు దొరికింది. కెమిస్ట్రీ చదివినవాళ్ళందరూ కొత్త పదార్థాలు తయారుచేసే వైపు పరిగెడతారట. పేరు, ఉద్యోగం అన్నీ అక్కడే. ఈమె మాత్రం, ఉన్నదాంట్లో ఏముందో తేల్చే విద్య కావాలంది. ఇంటర్వ్యూలో గైడు, ఒక కన్నడం ఆవిడ, ఎందుకమ్మా అని అడిగితే, "నాకు ఇష్టం మేడమ్," అని ఊరుకుందట. అంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

మా వీధిలో అడిగేవాళ్ళు, "ఏం చదువుతా ఉండాది మీ పాప?" అని. దేంట్లో ఏం కలిసిందో కనుక్కునే చదువు అని చెప్పాను. ఒకాయన నవ్వాడు. "దానికి అన్నేండ్లా! చారులో ఉప్పెక్కువైతే మా ఆడమనిషి వాకిట్లోనించే చెప్తాది." నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట ఇంట్లో చెబితే, నా కూతురు పడీపడీ నవ్వింది.

ఆమె పనిచేసే మిషన్‌ని మాస్ స్పెక్ట్రోమీటర్ అంటారు. నాకు ఆమె చెప్పిన తీరులోనే చెబుతాను. మనం ఇచ్చిన కలగాపులగాన్ని ముందు ఒక పొడవాటి సన్నని గొట్టంలోకి ఊదుతారు. ఒక్కొక్క పదార్థం తన తీరికను బట్టి ఒక్కొక్క సమయానికి బయటికి వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే కొట్టి ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులు చూస్తారు. కుండ పగిలినట్టు బిందె పగలదు, బిందె సొట్టపోయినట్టు గాజుగ్లాసు పోదు. అట్లా ఒక్కో పదార్థం ఒక్కో రకంగా విరుగుతుంది. ముక్కలు చూసి, ఇది ఫలానాది అని చెప్పొచ్చు. తెర మీద అది గుట్టలా లేస్తుంది.

"పగలగొట్టి పేరు చెప్తారా! అడిగితే చెప్పదా అది?" అన్నాను.

"కార్ఖానా వాళ్ళను అడిగినావు గదా నాయనా. చెప్పినారా?" అంది.

ఒక ఆయుధపూజకు ఆ ల్యాబుకు నన్ను పిలిచింది. బెంగళూరులో ఆ రోజు ఆటోకూ పూజే, లేతు మిషన్‌కూ పూజే, కంప్యూటర్‌కూ పూజే. కోట్లు పోసి తెచ్చిన ఆ మిషన్‌కు కూడా బంతిపూల దండ వేశారు, గంధం బొట్లు పెట్టారు, దిష్టి తీసి బూడిదగుమ్మడికాయ పగలగొట్టారు. పూజ చేసినాయన పళ్ళెం నిండా కర్పూరం వెలిగించి మిషన్ చుట్టూ మూడుసార్లు తిప్పాడు. నేనూ కళ్ళకద్దుకున్నాను. బొరుగులు, బెల్లం పంచారు.

పండగ సెలవుల తర్వాత మొదలైంది గోల. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఏది పరీక్షించాలన్నా, దానికి ముందు ఏమీ కలపని ద్రావకాన్ని ఉత్తదే ఎక్కిస్తారు. దాన్ని బ్లాంక్ అంటారు. దాంట్లో ఏమీ కనబడకూడదు. కానీ రోజూ ఒక గుట్ట లేచింది. ఉత్తదాంట్లో! తోటి విద్యార్థులు, "నీ మిషన్‌కి దయ్యం పట్టింది, ఇంకో గుమ్మడికాయ కొట్టు," అని ఏడిపించారు. గొట్టం మార్చారు, సీసాలు మార్చారు. అది పోదు. ముక్కల బరువులు చూస్తే తేలింది, కర్పూరం. హారతి పొగ ద్రావకం సీసాల్లోకి, గుడ్డల్లోకి, మూతల రబ్బర్లలోకి ఎక్కి కూర్చుంది. చాలా వారాలు వదల్లేదు.

ఆ గైడు ఎవరినీ తిట్టలేదట. పూజ వద్దనీ అనలేదు. "వచ్చే ఏడు కర్పూరం వరండాలో వెలిగించండి. బ్లాంక్‌లో ఏముందో తెలియనివాళ్ళు, సరుకులో ఏముందో నాకు చెప్పొద్దు," అని మాత్రం అందట. నా కూతురు ఇంటికొచ్చి ఆ మాట రెండుసార్లు చెప్పింది. మాకు అప్పుడు నవ్వొచ్చింది.

తరవాతి మహాలయ అమావాస్య దగ్గరపడుతుండగా, నా కూతురు మా అక్క పక్కన కూర్చుంది. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అత్తా, అమ్మ చీరలో చిన్న ముక్క కావల్ల."

"దేనికే?"

"మిషన్లో పెట్టి చూస్తాను."

అక్క చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. "ఏం చూస్తావు? ఉండేదే అదొక్కటి. ఏడాదికొక తూరి వచ్చి పోతాది నీ తల్లి. ఆ చీర పట్టుకునే వస్తాది. దాన్ని గూడా కోసేస్తే యాడికి వస్తాది?"

"ముక్కే గదత్తా. చీరంతా కాదు, అరచేయంత."

"ఏమప్పా, నువ్వైనా చెప్పు నీ కూతురికి," అని నా వైపు తిరిగింది.

నేను చెప్పలేదు. నాకు పేరు కావాలి. ఆ వరండాలో నిలబెట్టిన రోజు నుంచీ నాకు కావలసింది అదొక్కటే. నా మనిషిని చంపినదాని పేరు. పేరు దొరికితే ఎక్కడికి పోవాలో, ఎవరి ముందు ఆ పేరు పెట్టాలో నాకు తెలుసు. ఎన్నో పుస్తకాలు చదివాను, చట్టాలు కూడా.

రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు అక్కే పెట్టె తీసింది. "కొంగు ముట్టొద్దు," అంది. "లోపలి చెంగులో కోసుకో. కత్తెరకు పసుపు పెట్టు ముందు."

"పసుపు పెడితే పసుపే కనబడతాది అత్తా."

"కర్పూరం వద్దు, పసుపు వద్దు. ఏం చదువమ్మా నీది, ముండమోపి చదువు!" అని గొణిగింది. కానీ కొస తనే పట్టుకుంది. కడిగిన కత్తెరతో నా కూతురు కోసి, వెండికాగితంలో చుట్టి, గాజుసీసాలో వేసింది.  

మొదటి రోజు తెర మీద లేచింది ఒకే ఒక్క గుట్ట. గుట్ట కాదు, కొండ. అక్క వేసిన గోళీలు. ఏడాదికేడాదీ చీర తాగేసిన నాఫ్తలీన్, చుట్టుపక్కల దేన్నీ కనబడనీయకుండా నిలబడింది. ఆ రోజు నా కూతురు అన్నం సరిగ్గా తినలేదు. అత్తకు మాత్రం ఏమీ చెప్పలేదు. పురుగు పట్టకూడదనే కదా వేసింది, పాపం.

తరవాత, ఆ కొండ నీడలో, దానికి కొంచెం ముందు, చిన్న మిట్ట ఒకటి ఉందేమో అని వెతికింది. నాఫ్తలీన్ విరిగితే పెద్దగా రాని బరువు ముక్కలను మాత్రమే చూపించు అని మిషన్‌ని అడిగింది. అట్లా అడగొచ్చట. నూట ఇరవై మూడు, డెబ్బై ఏడు, యాభై ఒకటి. ఈ మూడూ ఒకేచోట, ఒకేసారి లేచాయి. నైట్రోబెంజీన్. అనుమానం లేకుండా, షాపులో కొన్న స్వచ్ఛమైన నైట్రోబెంజీన్‌ని కూడా ఎక్కించి చూసింది. అదే సమయం, అవే ముక్కలు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి చెప్పింది. "బాదం వాసన నాయనా. చేదు బాదం. పాత బూటు పాలిష్‌లో వేసేవాళ్ళు. చర్మంలోనించి ఒంట్లోకి పోతాది. రక్తం ఊపిరిని మోయలేదు. పెదాలు నీలమవతాయి."

నేరేడుపండ్లు, అనుకున్నాను. కొళాయి, బిందెల చప్పుడు, ఆమె నవ్వు. ఆకుకూరలతో రక్తం వస్తుందని చెప్పిన ఆ మనిషికి ఇది తెలియదా? తెలిసే చెప్పాడా? ఆ ముక్కలన్నీ నా తలలో ఒక్కసారి లేచాయి. 

మర్నాడు పొద్దున్నే ఆమెతో పాటు నేనూ రైలెక్కాను. గైడు ముందు కూర్చుని కన్నడంలో అంతా చెప్పాను. నా కూతురు అన్నేళ్ళు నోరు విప్పనిది నేను విప్పేశాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్లో నా కూతురి వైపు చూసి అడిగింది.

"బ్లాంక్ ఏదమ్మా?"

నా కూతురు తల దించుకుంది. ఆవిడ నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది: "ఈ చీరలో ఉంది, నిజమే. కానీ కార్ఖానా నుంచే వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? పెట్టె రంగులోంచి రాలేదా? గోళీల్లోంచి రాలేదా? ఆ పెట్టెలోనే ఉండి, ఆ కార్ఖానా ముఖం చూడని చీర ఇంకొకటి ఉండాలి. దాంట్లో ఇది లేకపోతే అప్పుడు మాట్లాడొచ్చు."

నేను లేచి నిలబడ్డాను. "ఉంది మేడమ్! ఆమె పెళ్ళిచీర ఉంది. అదీ నూలుదే!" గెలిచినట్టే అరిచాను.

ఎర్రచీర ముక్క కూడా మిషన్లోకి పోయింది. తెర మీద లేచింది, నూట ఇరవై మూడు. కొంచెం పొట్టిగా, కానీ అదే.

అన్నేళ్ళు ఒకే పెట్టెలో, ఒకదాని మీద ఒకటి, గాలి చొరకుండా మూసి. పచ్చచీరలోది ఎర్రచీరలోకి పాకింది. ప్రతి అమావాస్యకూ రెండూ కలిసి బయటికి, రెండూ కలిసి లోపలికి. మా పెళ్ళినాడు ఆమె కట్టుకున్నది కూడా ఆ డ్రమ్ముల వాసనలోనే నానింది. నాకు తెలుసు అట్లాగే జరిగిందని. నా కూతురికీ తెలుసు. నా అనుమానం, ఆ గైడుకూ తెలుసు.

మళ్ళీ గైడు దగ్గరికి పోయి, "అయితే రాయండి, కార్ఖానాదేనని," అన్నాను.

"ఏమని రాయను? పెట్టె నిండా ఉందని రాయగలను. ఎక్కడి నుంచి అని రాయలేను."

"పెదాలు నీలమైతే? బాదం వాసనంటే? నేను చూసింది?"

"మీరు చూసింది నేను నమ్ముతాను. నా నమ్మకం బ్లాంక్ కాదు. రేపు మీ అమ్మాయి ఎక్కడ నిలబడి చెప్పినా, అవతలివాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. అప్పుడు ఏం చెప్తుంది?"

నేను గొంతు పెంచాను. డ్రమ్ములు కడగడానికి బ్లాంక్ అడగలేదు, చావడానికి బ్లాంక్ అడగలేదు, ఇప్పుడు అడుగుతారా అన్నాను. మీ విద్య ఉన్నవాళ్ళ పక్షమా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ నీళ్ళగ్లాసు నా ముందుకు జరిపింది. ఆవిడ చెప్పింది సబబే. అదే ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడనిది. తప్పుడు మాట చెప్పి ఉంటే తిట్టుకుని మరిచిపోయేవాణ్ణి.

జిగణికి కూడా పోయాను, ఆ వారంలోనే. కార్ఖానా లేదు. అదే రేకుల షెడ్డు, లోపల వేరే ఎవరివో అట్టపెట్టెలు. గేటు దగ్గర కుర్రవాడు, "అదా? అది ఎప్పుడో ఎత్తేసినారంటప్పా, నేను పుట్టకముందు," అన్నాడు. అడగడానికి మనిషి కూడా మిగల్లేదు. గేటు పక్కన మట్టిలో తుప్పుపట్టిన డ్రమ్ము ఒకటి సగం కూరుకుపోయి ఉంది. వంగి వాసన చూశాను. వాన, తుప్పు. అంతే.

అక్క రోజూ అడిగేది, ఏం చెప్పింది మీ మిషన్ అని. నా కూతురు దాటవేస్తూ వచ్చింది. అమావాస్య రెండు రోజుల్లో ఉందనగా, పెట్టె దించుతూ మళ్ళీ అడిగింది. ఇక తప్పలేదు.

"అత్తా, ఆ వాసన అమ్మది కాదు. కార్ఖానాది. అమ్మను చంపిందే అది."

అక్క పెట్టె మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది. 

"అయితే ఇన్నేండ్లు నేను పిలిచి, కూర్చోబెట్టి, అన్నం పెట్టింది దానికా?"

అక్కే మళ్ళీ అడిగింది.

"మరి దాని వాసన ఏది? మీ అమ్మది. అది చెప్పలేదా మిషన్?"

నా కూతురు సంచిలోంచి గీతలున్న కాగితం తీసి నేల మీద పరిచింది. కొండ అంతా అయిపోయాక, గొట్టం బాగా వేడెక్కాక, చిట్టచివర లేచిన రెండు మిట్టల మీద వేలు పెట్టింది. "ఇది కొబ్బరినూనెలోది అత్తా. ఇది మనిషి చర్మంలో ఊరే నూనె."

అక్క ఆ కాగితం మీదికి వంగింది. ఆమెకు అక్షరాలు రావు. వేలితో ఆ చివరి మిట్టను తడిమింది.

"ఇదేనా?"

"తెలీదు అత్తా. అమ్మది కావచ్చు. నీ చేతులది కావచ్చు. ప్రతి ఏడూ తీసి మడతపెట్టింది నువ్వే గదా." అమ్మదేనని అబద్ధం చెప్పగలిగేదే. అప్పటికి ఆమెకు ఆ అలవాటు పోయింది.

అక్క లేచి పచ్చచీర తీసుకుని పెరట్లోకి నడిచింది. బకెట్లో నీళ్ళు పట్టడం వినబడి నేను పరిగెత్తాను. "అక్కా, వద్దు! అది సాక్ష్యం. రేపు ఎవరైనా అడిగితే చూపించల్ల!"

"ఎవడప్పా అడిగేది? ఇన్నేండ్లలో ఒక్కడొచ్చినాడా?"

"ఉతక్కూడదు అంటే ఉతక్కూడదు!"

"నీకు సాక్ష్యం కావల్ల. నాకు నా మరదలు కావల్ల. దాన్ని ఆ గబ్బులో ఇంకెన్నేండ్లు ఉంచమంటావు?"

నా కూతురు మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఎవరి పక్షం మాట్లాడుతుందో అని చూశాను. "ఉతుకు అత్తా," అంది. "నాయనా, ఒక ముక్క సీసాలో మూసి పెట్టినాను. నీకు అది చాలు."

చాలదు. కానీ పక్కకు తప్పుకున్నాను. అక్క ఆ చీరను నానబెట్టి, సబ్బు పెట్టి, బండ మీద ఉతికింది. మళ్ళీ మళ్ళీ జాడించింది. నా భార్య మర్నాడు పొద్దున చెయ్యాల్సిన పని, అన్నేళ్ళ తర్వాత జరిగింది. మేడ మీద ఆరేస్తే గాలికి చీర నిండా విచ్చుకుంది. చెంగులో కోసిన చోట ఆకాశం కనబడింది.

ఆ అమావాస్యకు ఫోటో ముందు ఉతికిన చీర పెట్టాం. వడలు, పాయసం, చిక్కుడుకాయ పులుసు, ఆమెకిష్టమైనవన్నీ. అక్క కళ్ళు మూసుకుని పీల్చింది. సబ్బు, ఎండ. ఇంకోసారి పీల్చింది. మేము ఎదురుచూశాం. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది.

"ఏమప్పా," అంది మెల్లగా, "దోవ తప్పిండాదేమో."

ఆ తర్వాత ప్రతి ఏడూ ఎడె పెట్టాం. అక్క మళ్ళీ ఎన్నడూ వచ్చిండాది అనలేదు. ఇప్పుడు ఆమె ఫోటో కూడా ఆ పక్కనే ఉంది.

నా కూతురు థీసిస్ వేరే దాని మీద రాసింది. బోరునీళ్ళలో కలిసే పదార్థాల మీద. దాంట్లో పచ్చచీర లేదు, వాళ్ళమ్మ లేదు. ప్రతి అధ్యాయంలోనూ బ్లాంకులు మాత్రం ఉన్నాయి, ఎవరూ వేలు పెట్టలేనన్ని. పట్టా వచ్చాక ఆ ల్యాబు వదిలేటప్పుడు, సీసాను ఏం చేయాలని గైడును అడిగిందట. ఆవిడ తన చేత్తోనే తీసుకుని ఫ్రీజరు లోపలి అరలో, వెనక్కి, పెట్టింది. "నేను రిటైరయ్యేదాకా ఇక్కడి నుంచి కదలదు," అందట. అంతకంటే ఎక్కువ ఆవిడా ఇవ్వలేకపోయింది. ఆవిడ రిటైరైన తర్వాత ఏమైందో మేము అడగలేదు. అడిగితే లేదంటారేమో అని భయం.

ఈమధ్య నా కూతురూ నేనూ రైలు మారడానికి కె.ఆర్.పురంలో దిగాం. ఆమె నెత్తి మీద నెరిసిన వెంట్రుకలు కనబడుతున్నాయి. ప్లాట్‌ఫారం చివర ఇప్పటికీ ఒకాయన కూర్చుంటాడు, అప్పటి మనిషి కాదు, అట్లాంటి చెక్కపెట్టే. ఇప్పటి పాలిష్‌లో అది వెయ్యరని ఆమే నాకు చెప్పింది. ఎవరిదో పాతకాలం డబ్బా అయి ఉండాలి. ఆ వాసన మోసుకుని గాలి మా వైపు వీచింది.

నేను ఆగిపోయాను. తల తిప్పి చూస్తే, నా పక్కన ఆమె కూడా ఆగి ఉంది. దాని పేరు తెలిసిన మనిషి, దాని ముక్కల బరువులు నిద్రలో కూడా చెప్పగల మనిషి. ఇద్దరం వెనక్కి తిరిగి, వచ్చిండాదేమో అని, జనంలో అటూ ఇటూ చూశాం.

"పద నాయనా," అంది, "రైలు పోతాది."

ఇద్దరం అక్కడే నిలబడి ఉన్నాం.